రుజువు తీసేస్తే నా పేరూ తీసేయండి

1954 జూన్‌లో నన్ను కర్నూలు హైస్కూలు నుంచి డెప్యుటేషన్ మీద పాఠ్యపుస్తకాల సంఘానికి పంపారు. నేను లెక్కల బి.టి. అసిస్టెంటును, అంటే పై తరగతులకు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఊరు కొత్తగా రాజధాని అయిన రోజులవి. కచేరీలకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. మాకూ ఒకటి దక్కింది. మధ్యాహ్నం అందులో కూర్చుంటే అప్పడాల్లా వేగేవాళ్లం.

గ్రీకుల రేఖాగణితాన్ని ఫోర్త్, ఫిఫ్త్ ఫారాలకు, అంటే ఇప్పటి తొమ్మిది, పది తరగతులకు, తెలుగులో రాయాలి. నాకు జతగా మైదుకూరు నుంచి తెలుగు పండితులు సుబ్బయ్యగారిని వేశారు. ఆయనకు లెక్కలు రావు, నాకు సంధులు రావు. నేను ఇంగ్లీషు చదివి అర్థం చెబితే ఆయన వాక్యం కట్టేవారు. అది ఆయనకే అర్థం కాకపోతే కొట్టేసి మళ్లీ కట్టేవారు.

చీనాలోనూ ఈ గ్రీకు పుస్తకం విషయంలో ఇలాగే జరిగిందని కాలేజీ లైబ్రరీలో చదివాను. సుమారు మూడున్నర వందల ఏళ్ల కిందట ఒక విదేశీ మతగురువు చెబుతుంటే ఒక చీనా అధికారి రాశాడట. బొమ్మల్లో పరాయి అక్షరాలు తీసేసి తమ అక్షరాలు పెట్టుకున్నారు. మొదటి ఆరు భాగాల దగ్గరే పని ఆగిపోయింది. తర్వాత కొందరు ఫలితాలు ఉంచుకుని, రుజువులు దండగని కత్తిరించి పుస్తకాలు వేసుకున్నారు. ఈ సంగతి చెబితే సుబ్బయ్యగారు ముఖం చిట్లించి, "మనకాడ అట్ల కానీగూడదప్పా" అన్నారు. మేమూ బొమ్మల్లో ఏ, బీ, సీలు తీసి క, చ, టలు పెట్టాం.

కత్తిరింపు మాకూ తప్పలేదు. సంఘం అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాలు. రాతప్రతి చూసి రుజువులన్నీ తీసేయమన్నారు. పిల్లలు వాటిని ఎలాగూ బట్టీ పడతారు, పొలం కొలవడానికి సూత్రం చాలు, రుజువు కావాల్సినవాడు కాలేజీకి వెళ్లి ఇంగ్లీషులో చదువుకుంటాడు అని ఆయన వాదన. నాకు ఒళ్లు మండింది. పల్లె పిల్లలకు జవాబు ఇచ్చి, కారణం దాచుకోవడం ఏం న్యాయమని అడిగాను. నమూనా పాఠం చెప్పి చూపించమన్నారు.

పాఠం ఆత్మకూరు హైస్కూల్లో, ఫోర్త్ ఫారం పిల్లలకు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిసి రెండు లంబకోణాలని వారం రోజులు చెప్పాను. పరీక్ష రోజు అధ్యక్షుడు తెలివిగా బొమ్మను తలకిందులుగా గీసి, క, చ, టలకు బదులు గ, జ, డలు పెట్టి, రుజువు చెప్పమన్నారు. ముందు లేచిన ఇద్దరూ బొమ్మలో లేని క, చ, టలతో గడగడా అప్పజెప్పేశారు. ఆయన నవ్వుతూ నా వంక చూశారు. నా తల కొట్టేసినట్టయింది.

వాళ్ల తర్వాత ఓబులమ్మ అనే పిల్ల లేచింది. ఆమె అక్షరాల జోలికే పోలేదు. సుద్దముక్క తీసుకుని, "ఈ కొన మీద ఇంగొక గీత గీస్తాండా సార్, ఎదురుగా ఉండే గీతకు సమంగా. ఇది యాడిదాకా పోయినా దాన్ని తగలదు. ఈ మూల ఎంతో ఈడ అంతే, ఆ మూల ఎంతో ఆడ అంతే. నడిమిది ఎట్లా ఉండనే ఉండాది. మూడూ ఒకే తిన్నని గీత మీద కూచున్యాయి" అంది. వేరే త్రిభుజమైతేనో అని ఆయన అడిగారు. "మీరు యాడ గీసినా ఇంతే సార్. కావాలంటే గీయండి."

ఆయన గీయలేదు. పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అదేనా అని కోప్పడ్డారు. తన నివేదికలో, రుజువుల వల్ల కొందరికి బట్టీ, కొందరికి పొగరు వస్తున్నాయని రాశారు. రుజువులు తీసేయడమే ఖాయమైంది.

రుజువులు తీసేస్తే నా పేరూ తీసేయండని కాగితం రాసిచ్చాను. కింద సుబ్బయ్యగారూ సంతకం పెట్టారు. పుస్తకం రుజువుల్లేకుండా, మా పేర్లు లేకుండా అచ్చయింది. నేను కర్నూలు బడికి తిరిగి వచ్చి బోర్డు మీద రుజువులే చెప్పాను. పుస్తకంలో లేనిది ఎందుకు చెబుతున్నావని తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే, ఉండాల్సింది కాబట్టి అన్నాను. మరుసటి ఏడు బదిలీ ఉత్తర్వు వచ్చింది. నల్లమల పక్కన, చలిజ్వరాలకు పేరుపడ్డ ఊరికి. ఆత్మకూరుకే.

మొదటి రోజు ఫిఫ్త్ ఫారంలో అడుగుపెట్టాను. ఓబులమ్మ కొత్త పుస్తకం తెరిచి పట్టుకుని లేచి నిలబడింది. "దీంట్లో ఎందుకో అనేది యాడా లేదు సార్" అంది. పుస్తకం మూసేయమని చెప్పి సుద్దముక్క ఆమె చేతికిచ్చాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. పరాయి శాస్త్రాన్ని మన మాటల్లో రాసినంత మాత్రాన అది మనది కాదు. మన పిల్ల లేచి, దాన్ని పట్టుకుని పెద్దవాళ్లను నిలదీసిన రోజు మనదవుతుంది. దాన్ని ఆపడానికి పుస్తకం కత్తిరిస్తే చాలదు.