పక్కన పెట్టిన ఇరవై ముక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేకముక్కలు ఏడాదికి ఒక్కరోజే బీరువాలోంచి బయటికి వచ్చేవి. మా తాతయ్యకు బరంపురంలో చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. పేక పట్టడం ఆయనకు బొత్తిగా గిట్టదు. కానీ కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పున్నమి నాడు మాత్రం ఆయన కూడా ఏమీ అనేవారు కాదు. ఆ రోజు మా ఊళ్లో ఒడియావాళ్లు, తెలుగువాళ్లు అని లేకుండా పేకో, పాచికలో ఏదో ఒకటి ఆడతారు. ఒడియా ఇళ్లలో పెళ్లికాని ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని, పొద్దుగుంకాక చంద్రుడికి పూజ చేస్తారు. మా మేడమీద వరండా పెద్దది కాబట్టి మధ్యాహ్నం భోజనాలు కాగానే వీధిలో సగంమంది అక్కడికే చేరేవారు.

ఆడేది ట్వంటీ నైన్. అది నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు ఒక జట్టు. ముక్కలు అందుకున్నాక ఒక్కొక్కరు పదహారు, పదిహేడు, పద్దెనిమిది అంటూ వేలంపాటలాగా పైకి పాడాలి. ఈ ఆటకు పేకలో అన్ని ముక్కలూ అక్కర్లేదు. రెండు నుంచి ఆరు దాకా ఉన్న చిన్న అంకెల ముక్కలు, మొత్తం ఇరవై, ముందే ఏరి పక్కన పెట్టేస్తారు. మిగిలిన ముప్ఫై రెండుతోనే ఆట. వాటిలో జాకీదే పైచెయ్యి.

ఇప్పుడు చెప్పబోయే ఏడాదికి నాకు తొమ్మిదేళ్లు. ఆ ఆట నాకు బాగా తెలుసు. ఎవరు ఆడుతున్నా వెనకాల కూర్చుని చూసి, పాత లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకునేదాన్ని. మా బాబాయి చేతిలో జాకీ ఉంటే చెవి గోక్కుంటాడు. పక్కింటి అక్క మంచి ముక్కలు వచ్చినప్పుడే నెమ్మదిగా పాడుతుంది. ఇలాంటివన్నీ అందులో ఉండేవి. నాకు రానిది ఒక్కటే, నలుగురిలో నోరు తెరవడం. అంతకుముందు ఏడాది ఒక మనిషి తక్కువైతే మా పెద్దనాన్నగారి అబ్బాయి, మేమంతా పెద్దన్నయ్య అని పిలిచేవాళ్లం, నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నా చేతిలో రెండు జాకీలు పడ్డాయి. పాడే వంతు వచ్చింది. పద్దెనిమిది అన్న మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. అందరూ నా నోటివంక చూస్తున్నకొద్దీ ఇంకా లోపలికి వెళ్లిపోయింది. పెద్దన్నయ్య ముక్కలు నేలమీద పడేసి, “మూగదాన్ని ఎదర కూకోబెట్టుకుని ఏటి ఆడతాం?” అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత నుంచి నేను ఆటలో అరటిపండుని. ఆటలో ఉన్నట్టే ఉండేదాన్ని, కానీ లెక్కలో ఉండేదాన్ని కాదు. అది మా చెల్లిలాంటి చిన్నపిల్లలను ఏడవకుండా కూర్చోబెట్టే చోటు. తొమ్మిదేళ్లకు ఆ చోటు అవమానంగా ఉంటుంది. ఏడాదంతా నేను కోరుకున్నది ఒక్కటే, వచ్చే పూర్ణిమకి లెక్కలో ఉండాలని.

ఆ పూర్ణిమ వచ్చింది. పెద్దన్నయ్య, అతని స్నేహితుడు, బాబాయి, పక్కింటి అక్క నలుగురూ చాపమీద కూర్చున్నారు. పెద్దన్నయ్య చిన్న ముక్కలు ఏరి నా చేతిలో పెట్టి, “ఇవి నీకూ సెల్లికీ. గొడవ సెయ్యకండి,” అన్నాడు. నేను ఆ ఇరవై ముక్కలూ పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను.

నాలాగే మెట్ల దగ్గర ఇంకో పిల్ల నిలబడి ఉంది. మా వెనక వాటాలోకి నెల్లాళ్ల క్రితం ఖల్లికోట నుంచి అద్దెకు వచ్చినవాళ్ల అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో పని చేసేవారు. ఆమెకు నా ఈడే ఉంటుంది. కొత్త పసుపుపచ్చ గౌను వేసుకుని, ఎవరూ పిలవకపోయినా పైకి వచ్చింది. మా వీధి పిల్లలందరికీ ఒడియా వచ్చు, కానీ ఇంట్లో కూర్చుంటే మాటలు వాటంతటవే తెలుగులోకి జారిపోతాయి. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

అస్కాలో ఇచ్చిన మా చిన్నత్త ఆ పండగకు పుట్టింటికి వచ్చింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసింది.

“ఏటే, మేకు కొట్టీసినట్టు అక్కడే నిలబడిపోనావు? సేతిలో ఏటవి?”

“పనికిరాని ముక్కలత్తా. అన్నియ్య ఇచ్చేసినాడు.”

“పనికిరావని ఎవులు సెప్పినారు? ఇలా పట్రా. సెల్లిని పిలు. ఆ పిల్లనీ రమ్మను. అమ్మా, నువ్వూ రా,” అని మా నాయనమ్మను కూడా కేకేసింది.

“నాకేటి ఆటలే, కళ్లు కనబడవు,” అంటూనే నాయనమ్మ అందరికంటే ముందు వచ్చి చాపమీద మంచిచోటు చూసుకుని కూర్చుంది. ఆ పిల్లను అత్తే ఒడియాలో పిలిచి నా పక్కన కూర్చోబెట్టింది.

ఐదుగురం అయ్యాం. అత్త ఇరవై ముక్కలూ తలా నాలుగు పంచింది. ఆటను గాడిద అంటారని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పింది. అందరూ ఒకేసారి తమకు అక్కర్లేని ముక్క ఒకటి పక్కవాళ్లకు ఇవ్వాలి. అలా మార్చుకుంటూ పోగా ఎవరి చేతిలో నాలుగూ ఒకే అంకె ముక్కలు పడతాయో వాళ్లు మాట్లాడకుండా అరచెయ్యి నేలమీద పెట్టెయ్యాలి. అది చూసినవాళ్లు ఒక్కొక్కరే ఆ చేతిమీద చెయ్యి వెయ్యాలి. అందరికంటే ఆఖరున వేసినవాళ్లు గాడిద. ఐదు రకాల అంకెలు, ఐదుగురు మనుషులు. సరిగ్గా సరిపోయింది.

ఆ ఆటలో పాడేది లేదు. వంతు కోసం గొంతు పెంచేది లేదు. మాట్లాడేవాళ్లకే చూపు తప్పిపోయి ఓడిపోతారు. నాకు చూడటం వచ్చు. నా పక్కన ఉన్న పిల్లకు నాకంటే బాగా వచ్చు. మొదటి ఐదు ఆటల్లో రెండు నేను గెలిచాను, రెండు ఆమె గెలిచింది. నాయనమ్మ మూడుసార్లు గాడిద అయ్యింది. అయినప్పుడల్లా, “నా సెయ్యి ముందే ఉంది, మీరే సూసుకోనేదు,” అని వాదించేది. ఆ పిల్లకు మాటలు తెలియకపోయినా నాయనమ్మ మొహం చూసి పొట్ట పట్టుకుని నవ్వేది. నేను కూడా పైకే నవ్వాను. ఆ వరండాలో నేను అలా నవ్వడం అదే మొదలు.

ఇంతలో ట్వంటీ నైన్ ఆగిపోయింది. బాబాయిని కొట్టుకు రమ్మని కబురొచ్చింది, పక్కింటి అక్క పూజ సామాను సర్దుకోవాలని వెళ్లిపోయింది. పెద్దన్నయ్య స్నేహితుడు కూడా లేచాడు. సరిగ్గా అప్పుడే మేము ముక్కలు మార్చుకున్నాం, వంటింట్లోంచి అమ్మ అత్తను పిలిచింది. “ఎవులూ ముక్కలు సూడకండి,” అని అత్త తన నాలుగూ బోర్లించి లోపలికి వెళ్లింది. మేమూ వచ్చిన ముక్క చూసుకోకుండానే బోర్లించాం. నాయనమ్మ వక్క కత్తిరించుకునే పనిలో పడింది.

పెద్దన్నయ్య వచ్చి మా చాప దగ్గర నిలబడ్డాడు.

“ఇరవై ముక్కలకి అయిదుగురే గదా? నేనాడతాను. మీ ముగ్గురిలో ఒకలు లెగండి.” తర్వాత నావైపు తిరిగి, “నువ్వే గెలుస్తున్నావు కాబట్టి నువ్వే సెప్పు,” అన్నాడు.

నన్ను ఒకరు అడగడం, అదీ పెద్దన్నయ్య అడగడం! ఆ క్షణంలో నా మనసులో నడిచిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. నేను లేవను, ఏడాది ఎదురుచూశాను. చెల్లిని లేపితే ఏడుస్తుంది. ఆ పిల్ల ఏమీ అనదు, అనాలన్నా మా భాష రాదు. నేను వేలు చూపించాను. మాట కూడా అక్కర్లేకపోయింది.

ఆ పిల్ల తన నాలుగు ముక్కలూ అంచులు కలిపి నేలమీద పెట్టి, “ము జాఉఛి,” అంది చిన్నగా, వెళ్తున్నానని. పసుపు గౌను సర్దుకుంటూ మెట్లు దిగిపోయింది. నిజానికి అది ఆమె పండగ రోజు.

పెద్దన్నయ్య ఆమె చోట్లో సర్దుకుని కూర్చుంటున్నాడు. అత్త వచ్చింది. “ఆ పిల్లేదే?” అంది. చెల్లి మెట్లవైపు చూసింది. అత్త వంగి, ఆ పిల్ల పెట్టి వెళ్లిన ముక్కలు తిరగేసింది.

నాలుగూ అయిదులే.

“గెలిసింది గదర్రా,” అంది అత్త. “గెలిసీ సెయ్యి పెట్టకుండా ఎల్లిపోయిందా? ఎవులు పంపీసినారు?”

“అక్కే లెగమంది,” అంది మా చెల్లి.

పెద్దన్నయ్య నన్ను కాస్త కాపాడదామనుకున్నాడు కాబోలు, “ఇరవై ముక్కలే ఉన్నాయత్తా, ఆరుగురికి ఎలగ సాలతాయి?” అన్నాడు. అత్త ట్వంటీ నైన్ చాప దగ్గరికి వెళ్లి, ఆ పెద్ద కట్టలోంచి నాలుగు ఏడులు ఏరి తెచ్చి, మా ఇరవైలో కలిపింది. “ఒక మనిసి పెరిగితే నాలుగు ముక్కలు పెంచాల. మనిసిని తీసెయ్యడమేటి?” అంది. అంత చిన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

నన్ను తిట్టలేదు. “ఎల్లి పిలుసుకురా,” అంది, అంతే.

“నువ్వు కూడా రా అత్తా.”

“నేనెందుకు? పంపింది నేనా?”

మా మెట్లు పదహారు. అవి దిగుతూ ఒడియాలో ఏమనాలో ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను. ఆ పిల్ల వాళ్ల వాకిట్లో మెట్టుమీద కూర్చుని, సాయంత్రం పూజకు చేటలో పేలాలు పోసుకుని పొట్టు ఏరుతోంది. నన్ను చూసింది, మళ్లీ చేటలోకి చూసింది. నేను అనుకున్న మాటలన్నీ పోయిన ఏడాది పద్దెనిమిది లాగే గొంతు దగ్గర ఆగిపోయాయి. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. పైన ఆరుగురికి ముక్కలు పంచి ఉంటాయన్న సంగతి గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె ఎదురుగా చతికిలబడి, నా అరచెయ్యి మెట్టుమీద బోర్లా పెట్టాను.

ఆమె ఇంకో నాలుగు పొట్టుగింజలు ఏరింది. ఇంకో రెండు ఏరింది. తర్వాత చేట పక్కన పెట్టి, నా చేతిమీద తన చెయ్యి ఫెడీమని వేసింది. నొప్పి పుట్టేలాగే వేసింది.

ఆఖరున చెయ్యి వేసినవాళ్లే కదా గాడిద. ఆమె తన చేతిని చూసుకుని, అనుమానంగా, “ము గధ?” అంది. నేను గాడిదనా అని.

“నాఇఁ,” అన్నాను. “ము.”

కాదు, నేనే. ఆ రోజు నేను గట్టిగా అన్న మొదటి మాటలు అవి. లోపల ఉన్న వాళ్లమ్మకు కూడా వినిపించి నవ్వింది.

ఇద్దరం పైకి వెళ్లాం. ఇరవై నాలుగు ముక్కలు, ఆరుగురం. పెద్దన్నయ్య మాట్లాడకుండా ఉండలేడు కాబట్టి వరసగా నాలుగుసార్లు గాడిద అయ్యాడు. నాయనమ్మ సంతోషానికి అంతులేదు. చంద్రుడు వచ్చే వేళకు ఆ పిల్ల పూజకు వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత వాళ్ల నాన్నకు బదిలీ అయ్యేదాకా ప్రతి పూర్ణిమకూ వచ్చేది. తెలుగు కూడా నేర్చుకుంది, ముందుగా మా నాయనమ్మ దబాయింపులు.

ఇప్పుడు నేను ఊరి చివర అంకులిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఆదివారాలు స్నేహితులు ఎవరో ఒకరి గదిలో కలుస్తారు. ఆటల సంచీ నాది. గుంపులో ఎక్కువ మాట్లాడని నాకు ఈ పని ఎలా అప్పగించారో తెలియదు కానీ, ఏ ఆట బాగుంటుందని అడిగితే మాత్రం నేను వెంటనే చెప్పగలను. బాగా తెలిసిన నలుగురైతే ట్వంటీ నైన్‌ను మించింది లేదు, వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నా మళ్లీ కలిసిపోతారు. అలిగి ఉన్న ఇద్దరు వస్తే క్యారమ్ బోర్డు తీసి వాళ్లిద్దరినీ ఒకే జట్టులో వేస్తాను. ఎవరి అమ్మో, అత్తగారో వచ్చి కూర్చుంటే అష్టాచెమ్మా. మనకు నియమాలు చెప్పే అవకాశం వాళ్లకు దొరుకుతుంది. ఫోన్ వస్తే లేచి వెళ్లిపోయేవాళ్లు ఉంటే పాము నిచ్చెన చాలు, వాళ్ల కాయ ఎవరైనా కదపొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు, భాష రానివాళ్లు, నాలాంటివాళ్లు ఉన్నప్పుడు గాడిద. ఒక్క పేకతో పదమూడు మంది దాకా ఆడొచ్చు, తలకు నాలుగు ముక్కలు, అంతే. ఇవన్నీ నా డైరీలో రాసి ఉన్నాయి.

“ఎనిమిది మందిమి వస్తున్నాం, ఏ ఆట తెస్తావు?” అని పోయినవారం మెసేజ్ వచ్చింది. ఎవరెవరు వస్తున్నారని తిరిగి అడిగాను. ఆట అడిగితే మనుషుల పేర్లు అడుగుతావేమిటని వాళ్లు ఎప్పుడూ ఆటపట్టిస్తారు. ఆటపట్టించనిస్తాను. వెళ్లాక, సంచీ విప్పకముందే తలలు లెక్కపెడతాను. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లతో మొదలుపెడతాను.