పోట్లాడని అమ్మానాన్నలతో ఉప్పు సరస్సుకి

ఆ రోజుల్లో పాయింట్ కుక్‌లోని మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉందంటే అందరూ నిద్రపోతున్నారనో, ఎవరూ ఇంట్లో లేరనో అర్థం. మిగతా సమయమంతా అమ్మా నాన్నా వాదించుకుంటూనే ఉండేవారు. పప్పులో ఉప్పు మొదలుకొని ఏ రౌండబౌట్ దగ్గర ఎటు తిరగాలన్నదాకా ఇద్దరికీ చెరో అభిప్రాయం. (అమ్మది గట్టి గొంతు, నాన్నది మొండి గొంతు.) నేను ఆ హోరులోనే హోంవర్కు చేసుకుని, ఆ హోరులోనే నిద్రపోతూ సుఖంగా పెరిగాను. అలాంటిది, నా పన్నెండో ఏట సెలవుల్లో, హోటల్ దుప్పటి చూసి కూడా ముక్కు విరిచే మా అమ్మ "ఔట్‌బ్యాక్ ఎడారిలో క్యాంపింగా? అలాగే వెళ్దామండీ" అంది. "నీకు ఇబ్బందైతే వద్దులే" అన్నాడు నాన్న. నా గుండెలో రాయి పడింది.

ఎందుకంటే అంతకు ముందు టర్మ్‌లోనే నా బెస్ట్ ఫ్రెండ్ నాకు లోకజ్ఞానం బోధించింది. వాళ్ల అమ్మానాన్నలు ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టి, క్యాంపింగ్‌కి తీసుకెళ్లి, మార్ష్‌మాలో మిఠాయిలు నిప్పు మీద కాల్చిపెట్టి మరీ విడిపోతున్నామని చెప్పారట. "దే గెట్ రియల్లీ నైస్ ఫస్ట్" అని హెచ్చరించింది. మా సామాన్లలో మార్ష్‌మాలోల ప్యాకెట్ కనిపించేసరికి నా అనుమానం కాస్తా నమ్మకమైపోయింది.

దారి పొడవునా వెనక సీట్లోంచి ఇద్దరినీ కనిపెట్టుకుని కూర్చున్నాను. అడిలైడ్ దాటి, పొలాలు పోయి, ఎర్రమట్టీ బూడిదరంగు పొదలూ మొదలయ్యాయి. నాన్న దారి తప్పి బోలెడు దూరం పోయాడు. మామూలుగా అయితే ఆ ఒక్కదాని మీదే ఓ పూట గడిచేది. అమ్మ పెదవులు బిగించి, "పర్లేదండీ, ఇటువైపు కూడా బాగుంది" అంది. ఇటువైపు చచ్చిపడిన కంగారూ తప్ప ఏమీ లేదు. రోడ్‌హౌస్ దగ్గర పెట్రోలు పోయించుకున్నాక ఇద్దరూ కారు వెనక గుసగుసలాడుతున్నారు. నేను దగ్గరికెళ్లగానే ఆపేసి, "చిప్స్ కావాలా బంగారం?" అన్నారు. అడక్కుండానే చిప్స్! ఇక తేలాల్సింది నేను ఎవరి దగ్గర ఉండాలన్నదే. అమ్మ దగ్గరైతే పులిహోర, నాన్న దగ్గరైతే లెక్కలు. పులిహోర వైపే మొగ్గాను గానీ, అంతలో నాన్న ఒక్కడే కూర్చుని టోస్ట్ తింటున్నట్టు ఊహించుకుని, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఉప్పు సరస్సులో నీళ్లు లేవు. కనుచూపు మేర తెల్లటి ఉప్పు, ముఖం మీద ఈగలు. కారుని దాని మీదికి దించి ఫోటో తీయాలని నాన్న సరదా పడ్డాడు. "గట్టిగానే ఉంది. దించనా?" అమ్మ ఉప్పుని చూసింది, నాన్నని చూసింది, నన్ను చూసింది. "మీ ఇష్టం" అంది. కారు కాస్త దూరం వెళ్లి, పైపొర పగిలి, కింది బురదలో దిగబడిపోయింది.

"కళ్లు కనిపించట్లేదా మీకు? అది బురదని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది!" అంది అమ్మ.

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్తాను? పిల్ల ముందు గొడవ పడొద్దని ఒట్టు వేయించుకుందెవరు?"

"నేనా? మన అరుపులకి పిల్ల భయపడుతోందేమోనని టీచర్ అంటే, ట్రిప్ అయ్యేదాకా నోరు మూసుకుందామన్నది నువ్వు!"

"మీరే!"

"నువ్వే!"

పోట్లాడకూడదన్న ఆలోచన ఎవరిదని వాళ్లంత గట్టిగా పోట్లాడుకుంటుంటే, నాకు ప్రాణం లేచొచ్చి భోరుమన్నాను. ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. "చూశారా, జడుసుకుంది" అంది అమ్మ. "డోంట్ స్టాప్! ప్లీజ్, డోంట్ స్టాప్!" అని అరిచి, వెక్కుతూ సంగతంతా చెప్పాను. నాన్న ఆ ఉప్పు మీదే చతికిలబడ్డాడు. అమ్మ నన్ను గట్టిగా పొదువుకుని, నా తల మీదుగా, "అసలు ఆ మార్ష్‌మాలోలు ఎందుకు కొన్నారు? వాటిలో ఎముకల జెలటిన్ ఉంటుందని చూసుకోరా?" అని మళ్లీ అందుకుంది. ఎవరో యూట్ ట్రక్కులో వచ్చి మా కారుని బయటికి లాగేదాకా ఆ తగవు సాగింది. ఆ ట్రిప్ మొత్తంలో నేను హాయిగా కూర్చున్నది అప్పుడే.

ఇప్పుడు నేను క్రెయిగీబర్న్‌లో కాపురం చేస్తున్నాను. మా ఆయనా నేనూ గొంతు పెంచం. అన్నిటికీ "నో వరీస్", "నీ ఇష్టం". చూసినవాళ్లు మెచ్చుకుంటారు, నేనూ పొంగిపోతాను. మొన్న ఆయన దారి తప్పితే, "పర్లేదు, ఇటువైపు కూడా బాగుంది" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది, కాస్త దిగులూ వేసింది. పన్నెండేళ్ల నేను ఆ కార్లో ఉండుంటే మమ్మల్ని చూసి ఎంత భయపడిపోయేదాన్నో!

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏమవ్వడమేంటి? లెఫ్ట్ తిరగమని చెప్పానా లేదా?" అన్నాను, కావాలనే గట్టిగా.

పాపం, ఆయన సారీ చెప్పాడు.