వెనక్కి తిప్పే మర

నీలవేణి పొద్దున తొమ్మిదికి అరసవల్లిలో ఆటో ఎక్కి ప్రయోగశాలకి వస్తుంది. రాగానే, తీగలు కదులుతాయని ఫ్యాను ఆపేస్తుంది. ఆమె పరిశోధన టోపలాజికల్ సెమీమెటల్ అనే కొత్తరకం అర్ధలోహపు స్ఫటికం మీద. అది నూకగింజంత ఉంటుంది. దాన్ని పల్చటి ఇత్తడి రేకుకి జిగురుతో అంటించి, వెంట్రుకల్లాంటి బంగారు తీగలు నాలుగు కలిపి, రేకుని వంచే మర తిప్పుతుంది. రేకు వంగితే స్ఫటికం సాగుతుంది. సాగినకొద్దీ అందులో కరెంటు నడక ఎలా మారుతుందో మీటరు చెబుతుంది. పావు చుట్టు తిప్పడం, ఊపిరి బిగబట్టడం, అంకె రాయడం. కొత్త తాడుని లాగి, వదిలి, మళ్ళీ మూరేసి చూసుకునే జాలరి కూతురు. మరని మొదటికి తిప్పాక అంకె కూడా మొదటికి వచ్చేదాకా దేన్నీ నమ్మదు.

మూడేళ్ళకి నిన్న, గైడు నరసింగరావు కోరుకున్న గీత గ్రాఫులో నిటారుగా లేచింది. "ఇంకేటి కావాలమ్మా? పేపరు రాసీ. నెలాఖరుకి నీ ఫెలోషిప్పు అయిపోతాది" అన్నాడాయన. నీలవేణి మర వెనక్కి తిప్పింది. అంకె వెనక్కి రాలేదు. "స్ఫటికం సాగలేదు సార్, సిట్లిపోనాది. ఆ గీత పగులుదే" అని పేజీ అడ్డంగా కొట్టేసింది. ఆయన గ్రాఫు కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

"మర వెనక్కి తిప్పి ఎవరు సూస్తారమ్మా?"

ఆమె కొత్త స్ఫటికం కోసం పట్టకారు అందుకుంది.

"నాను సూసీసేను కదండీ."