గెనోవెఫా అత్త పంపు కింద రాయి

మా ఊరి యూదుల శ్మశానం తాళంచెవి గెనోవెఫా అత్త దగ్గర ఉండేది. ఊళ్లో ఒక్క యూదుడూ లేడు. యుద్ధంలో జర్మన్లు అందరినీ తీసుకుపోయారు, తాళం వేసిన గేటు మాత్రం మిగిలింది. శ్మశానానికి ఆనుకుని ఉన్న ఇల్లు ఆమెదే కాబట్టి ఎవరో అధికారి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి మర్చిపోయాడు. నేను బళ్లో చరిత్ర చెప్పేవాణ్ణి. ఏటా వేసవిలో ఆ చరిత్ర చదువుకోవడానికి పై దేశాల యూదు పంతుళ్లు, పంతులమ్మలు బస్సుల్లో వచ్చి దిగేవారు. వాళ్ల మాట ఆమెకీ, ఆమె మాట వాళ్లకీ చేరవేయడం నా పని.

శ్మశానం నుంచి బయటికొచ్చాక చేతులు కడుక్కోవడం యూదుల ఆచారం. అక్కడ నీళ్లు లేవు. అందుకని అందరూ అత్త పెరట్లో చేతిపంపు దగ్గరికే వచ్చేవారు. వాళ్ల కోసమే రెండు పిడుల చెంబు కొని పెట్టింది. ఉతికిన తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడేది. వాళ్లేమో తుడుచుకోరు, చేతులు గాలికే ఆరనిస్తారు.

"నా తువ్వాలుకేమైనా తెగులు పట్టిందా, ఏరా జెనెక్?" అని నన్ను దెప్పేది.

"అది వాళ్ల పద్ధతి అత్తా."

"నాకు పద్ధతులు చెప్పొచ్చాడు. చీమిడి ముక్కుతో తిరిగినప్పుడు నీకు ఇదే తువ్వాలు పనికొచ్చింది."

పంపు కింద పెద్ద రాతిపలక ఉండేది. నీళ్లన్నీ దాని మీదే పడేవి. ఆ పలకంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. జనవరిలో పెరడంతా మంచు కప్పేసినా దాని మీద నిలిచేది కాదు. కుక్క దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లేది. పొద్దున్నే బకెట్ నింపుకుంటూ అత్త తల వంచి దానితో ఏదో మాట్లాడేది, నన్ను చూడగానే నోరు మూసుకునేది. నీళ్లు పడితే రాయి చప్పుడు కాదు, మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో తడుతున్న చప్పుడు వచ్చేది. చరిత్ర పంతుల్ని, ఇలాంటివి నమ్మకూడదు. నమ్మాను.

ఆమెకు ఎనభై నిండిన ఏడాది అర్జెంటీనా నుంచి తిర్జా అనే పంతులమ్మ వచ్చింది. తన బడిపిల్లలకు చూపించడానికి ఒక్కో సమాధినీ కాగితం మీద గీసుకుంటూ మూడో వరసలో ఆగిపోయింది. రెండు రాళ్ల మధ్య ఖాళీ నేల. దాని మీద మోకాలెత్తు గులకరాళ్ల కుప్ప.

"చూడ్డానికి వచ్చామని గుర్తుగా సమాధి రాయి మీద గులకరాయి పెడతాం. ఇక్కడ రాయే లేదు కదా, ఎవరి కోసం పెడుతున్నారు?" అంది తిర్జా.

నేను ఆ ప్రశ్న అత్తకు చెప్పాను.

"నేను కాదు," అంది అత్త, మొహం పాలిపోయి.

నిన్నెవరడిగారే తల్లీ అనుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. వాళ్లను చూసి నేర్చుకున్న మర్యాదే ఆమెను పట్టిచ్చింది.

తిర్జా కాగితాలు మడిచి గేటు బయటికి నడిచింది. పంపు దగ్గరికొచ్చి చెంబు వంచింది. అదే చప్పుడు. ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి.

"దీని కింద ఏముంది?" అని అడిగింది.

అత్త మెట్టు మీద కూలబడింది. "యుద్ధంలో మా నాన్న బండి తోలేవాడు. రోడ్డుకు పరవడానికి జర్మన్లు సమాధిరాళ్లు పీకించారు. అందులో ఒకటి మా పెరట్లో దింపి బోర్లా వేశాడు. నాకప్పుడు ఏడేళ్లు. దాని మీద కొవ్వొత్తులు చెక్కి ఉన్నాయిరా, అంటే ఆడమనిషి రాయి. 'నోరు విప్పావంటే నన్ను దొంగంటారే' అన్నాడు. పోయేటప్పుడు శిలువ మీద ఒట్టేయించుకున్నాడు." చేత్తో ఆ పలకను చూపించింది. "రేపు నేను పోతే ఈ ఇల్లు కొన్నవాడు దాన్ని పగలగొట్టి పారేస్తాడు. అప్పుడు ఆవిడ ఎక్కడికి పోవాలి?"

తిర్జా నా మొహంలోకి చూస్తోంది, నేను తిప్పి చెప్పాలని.

"చెప్పమంటావా, మానమంటావా అత్తా?"

నాకు జాలీ వేసింది, ఇన్నేళ్లు దాచినందుకు కోపమూ వచ్చింది.

"చెప్పు. నాన్నకి నేను జవాబు చెప్పుకుంటాలే."

గునపాలు తెచ్చి నలుగురం తిరగేశాం. డెబ్భై ఏళ్లకు పైగా నీళ్లు పడ్డ చోట కింద మట్టి బూడిదలా పొడిగా ఉంది. ఒక్క వానపాము లేదు. కొవ్వొత్తులు, అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. తిర్జా కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదివింది.

"ఫ్రూమా. ఈసర్ కూతురు."

"ఫ్రూమా," అంది అత్త. "రోజూ పొద్దున్నే క్షమించమని అడిగేదాన్ని. ఏమని పిలవాలో తెలిసేది కాదు."

సాయంత్రానికి రాయిని మూడో వరసలో నిలబెట్టి అందరం పంపు దగ్గరికి వచ్చాం. ఇన్నేళ్లుగా ఆ గేటు లోపలికి వెళ్లొస్తున్న అత్త ఒక్కసారి కూడా ఇక్కడ చేతులు కడుక్కోలేదని నాకప్పుడు తట్టింది. ఆ పూట రెండు చేతులూ చాపింది. తిర్జా చెంబు వంచింది. నీళ్లు వట్టి మట్టి మీద పడి ఇంకిపోయాయి. అత్త తల వంచి చెవి పెట్టింది, నేనూ విన్నాను. ఏ చప్పుడూ లేదు.

నేను తువ్వాలు అందించాను. ఆమె తీసుకోలేదు.