రమణ బావ వేసిన పెళ్లి గోడ

తడి బియ్యప్పిండి వాసనకి నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇందాక నువ్వు పిండి కలుపుతుంటే లేచి బయటికి వెళ్లింది అందుకేనే అమ్మడూ. రాసుకో, మా రమణ బావ గురించి చెబుతాను. మా మేనత్త కొడుకు. విశాఖపట్నంలో బొమ్మలు వెయ్యడం నేర్చుకుని, సీతంపేట కొండల్లో సవర వాళ్ల ఇళ్లల్లో నెలల తరబడి ఉండి, సంఘాలనీ సభలనీ తిరిగేవాడు. అరవయ్యేడో అరవయ్యెనిమిదో సంవత్సరంలో, నా పెళ్లి కుదిరితే వీధి గోడ మీద బొమ్మలు వెయ్యమని నాన్నే పిలిపించాడు.

గోడకి ఎర్రమట్టి అలికి, సవర వాళ్లలాగే వెదురుపుల్లతో పిండి బొమ్మలు వేశాడు. పిండి కలిపిచ్చే పని నాది. "సావిట్లో తాతల పటాలున్నాయి గదా, ఆళ్లని ఎయ్యొచ్చు గదా బావా?" అన్నాను. "ఆళ్ల సరిత్ర ఆళ్లు రాయించీసుకున్నారే. మిగిలినోళ్లది ఎవుడు రాస్తాడు?" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. నాలుగు గీతలతో ఇల్లు, దాన్లో ఏనుగులు, నెమళ్లు, డప్పులు, నడుమ ఒక గుంజ, దానికి ఆనుకుని ఒక మనిషి. "పెళ్లిరాటేటి? పెళ్లికొడుకు మరీ బక్కోడు బావా!" అని ఏడిపించాను. బావ నవ్వలేదు. "పిండి పల్సబడిపోనాది, సిక్కగా కలుపు" అన్నాడంతే.

పెళ్లి ముందురోజు బావ ఒక సవరామెను వెంటబెట్టుకొచ్చాడు. మా పాలేరు సింగన్న భార్య. సింగన్న అంతకుముందే జ్వరంతో పోయాడని మాకు చెప్పారు. ఆమె గోడ ముందు కూలబడి, ఆకుదొన్నెలో జీలుగు కల్లు పోసి పెట్టి, "సింగన్నా, ఒచ్చీసినావా" అని గొల్లుమంది. మేళం ఆగిపోయింది.

"ఏట్రా ఇది?" నాన్న అరిచాడు.

"సచ్చిపోయినోళ్లకి సవరోళ్లు గోడ మీద ఇల్లు గీసి పిలుస్తారు మావా. నువ్వు సింగన్నని కళ్లంలో గుంజకి కట్టి సచ్చీదాకా కొట్టించినావు గదా. అందుకని నీ ఇంటికే పిలిసినాను."

ఆ మనిషినే నేను పెళ్లికొడుకన్నాను. "నిజమేనా నాన్నా?" అన్నాను. నాన్న వెనక్కి తిరిగి, "సున్నం తెండ్రా" అన్నాడు పాలేర్లతో.

బావ ఆమెను లేవదీసి తీసుకెళ్లాడు. కొండల్లోకి పోయాడన్నారు. మళ్లీ చూడలేదు. తెల్లటి గోడ ముందే నా పెళ్లయింది. నాన్న నన్ను ఏడుస్తూ సాగనంపాడు. ముసలితనంలో నేనే ఆయనకి అన్నం తినిపించాను, కాళ్లు పట్టాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా "నిజమేనా నాన్నా?" అని అడిగేదాన్ని, ఆయన వానల గురించి మాట్లాడేవాడు. ఆయన పోయిన రోజున అందరూ ఏడుస్తుంటే, నేను చెవి దగ్గరికి వంగి ఇంకోసారి అడిగాను.