రెండు చుట్లకు సరే

బ్రైడ్‌షైడ్‌లో వెండెలిన్ థెలెన్ షెడ్డుకు బోర్డు లేదు. ఆ అవసరమూ పడలేదు. ఇంజను పగిలాక బాగుచేసేవాళ్లు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, పగలకముందే పట్టుకునేవాడు వెండెలిన్ ఒక్కడేనని రింగ్ మీద, అంటే ఆదివారాలు ఎవరి బండి వాళ్లు తోలుకోనిచ్చే అక్కడి రేసు ట్రాక్ మీద, కార్లు తోలేవాళ్లంతా చెప్పుకునేవారు.

అతని పద్ధతులు మొండివి. రోడ్డు మీద ఏడాది వచ్చే నూనె ట్రాక్ మీద నాలుగు ఆదివారాలకే చచ్చిపోతుందనేవాడు. నూనె వేడెక్కకముందే యాక్సిలరేటరు తొక్కేవాడిని మళ్లీ షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. పొడవాటి మలుపుల్లో నూనె అంతా ఒక పక్కకు పోయి పంపు గాలి మింగుతుందని, ఆ కాస్తలోనే బేరింగులు ఎండి ఒరుసుకుంటాయని, వచ్చినవాడికల్లా చెప్పిందే చెప్పేవాడు. నూనె మార్చినప్పుడల్లా పాత ఫిల్టరును డబ్బా మూత కోసినట్టు కోసి, లోపలి మడతల కాగితాన్ని కిటికీ వెలుగులో పరిచి, ఎక్స్‌రే చూసే డాక్టరులా చాలాసేపు చూసేవాడు.

ఎవాల్ట్ క్రెమెర్ అతనికి ఒకటో తరగతి నుంచీ స్నేహితుడు. ఆ కొండల మీది పల్లెలకు పసుపు వ్యానులో ఉత్తరాలు పంచేవాడు. భార్య పోయిన ఏడాదే పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. అమ్మ సమాధి మీద మట్టి ఇంకా ఆరకముందే నాన్నకు ఈ సరదా ఏమిటని కూతురు యుట్టాకు కోపం వచ్చింది. బాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లు ఇంటికి రాలేదు. యుట్టాకు బాప్తిస్మంలో జ్ఞానతండ్రి వెండెలినే. ఇద్దరి మధ్యా నలిగింది కూడా అతనే.

సెప్టెంబరులో ఒక శనివారం ఎవాల్ట్ కారుకు నూనె మారుస్తూ వెండెలిన్ ఫిల్టరు కోశాడు. కాగితం మడతల్లో ఏదో మెరిసింది. అయస్కాంతం దగ్గర పెట్టాడు. అంటుకోలేదు.

"ఎవాల్ట్, ఇలా రా."

"ఏంట్రా, ఎవరో పోయినట్టు ఆ మొహమేంటి?"

"ఇది చూడు. రాగి పొడి. ఇనుం కాదు. కనెక్టింగ్ రాడ్ బేరింగుల మీద పూత అరిగిపోయి కింద రాగి బయటపడింది. ఇలాగే తోలితే ఏ క్షణమైనా పగులుతుంది. ఇంజను దించాలి. మూడు వారాలు పడుతుంది."

ఎవాల్ట్ ఆ కాగితం వంక చూడను కూడా చూడలేదు. "రేపు యుట్టా వస్తోందిరా," అన్నాడు. "తనే ఫోన్ చేసింది. ఆ కారులో ఏముందో నాకూ చూపించు నాన్నా అంది. మూడేళ్లకి నోరు తెరిచి అడిగింది."

"వచ్చే నెల చూపించు."

"వచ్చే నెలకి మనసు మారితే? దాని సంగతి నీకు తెలీదా?"

వెండెలిన్‌కు తెలుసు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తన వృత్తిలో ఎన్నడూ అనని మాట ఆ రోజు అన్నాడు.

"రెండు చుట్లు. ఇంజను తిరుగుడు నిమిషానికి ఐదువేలు దాటించకు. మూడోది తోలావో, ఇక నా మొహం చూడకు."

"నువ్వు బంగారం రా," అని ఎవాల్ట్ అతని భుజం గట్టిగా చరిచాడు.

మర్నాడు యుట్టా తండ్రి పక్కన కూర్చుంది. మొదటి చుట్టులో భయపడింది, రెండో చుట్టులో నవ్వింది, ఆ తర్వాత "ఇంకొక్కటి నాన్నా" అంది. బేరింగుల సంగతి ఆమెకు తెలియదు. ఎవాల్ట్ చెప్పలేదు. ఐదో చుట్టులో, అడవిలోకి దిగే పల్లంలో రాడ్ విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికొచ్చింది. నూనె అంతా రోడ్డు మీద పారింది. ఎవాల్ట్ ఎలాగో కారును గడ్డి మీదికి తెచ్చి ఆపాడు. వాళ్లిద్దరికీ ఒంటి మీద గీత కూడా పడలేదు.

వెనకే మోటారుసైకిలు మీద వస్తున్న కుర్రవాడు ఆ నూనె మీద జారాడు. పేరు బెనెడిక్ట్ లెంట్సెన్, ఊరు డ్యూరెన్, ఇళ్లకు టైల్స్ వేసే పని, ఇరవై ఏడేళ్లు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చి అడిగితే ఎవాల్ట్, "నిన్ననే నూనె మార్చాం. కారు బాగానే ఉంది," అన్నాడు. వాళ్లు నమ్మారు. ట్రాక్‌కు వచ్చే కారుకు ఎప్పుడో ఒకప్పుడు ఇంజను పోవడం అక్కడ వింత కాదు.

వెండెలిన్ నాలుగు రోజులు షెడ్డు తియ్యలేదు. భార్య హెడ్విగ్ పెట్టిన సూపు పెట్టినచోటే చల్లారిపోయింది.

"ఐదు చుట్లు తోలాట్ట," అంది ఆమె. "నువ్వు రెండేగా చెప్పింది. పాపం నీదెలా అవుతుంది?"

"ఆ రెండు చుట్లకైనా ఆ కారు కదలకూడదు హెడ్విగ్. అదెంత ప్రమాదమో నిజంగా తెలిసింది నా ఒక్కడికే. తెలిసీ తాళం చేతికిచ్చాను."

"నువ్వు నోరు విప్పితే ఎవాల్ట్ గతేంటి? అది ఆలోచించావా?"

ఆ నాలుగు రోజులూ ఆలోచించింది అదే. ఐదో రోజు పొద్దున ఫిల్టరు కాగితాన్ని కవరులో పెట్టుకుని ఆడెనౌ పోలీసు స్టేషనుకు నడిచి వెళ్లాడు.

కోర్టు వెండెలిన్‌ను వదిలేసింది. ప్రమాదం ముందే చెప్పాడు కాబట్టి తప్పు నడిపినవాడిదేనంది. ఎవాల్ట్‌కు జరిమానా పడింది, లైసెన్సు పోయింది. లైసెన్సు లేకుండా ఉత్తరాల వ్యాను తోలడం కుదరదు. ముప్పై ఏళ్ల ఉద్యోగం అలా ముగిసింది. కోర్టు మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నన్నడిగి వెళ్లుంటే నేనూ నీతో వచ్చేవాణ్ణి," అన్నాడు ఎవాల్ట్. "ఒక్క మాట అడగాల్సింది."

అడగాలని వెండెలిన్‌కు తట్టనే లేదు. తట్టి ఉంటే బహుశా వెళ్లగలిగేవాడు కాదు.

ఎవాల్ట్ ఇల్లు ఖాళీ చేసి ట్రియర్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊరు రాలేదు.

ఆ చలికాలంలో వెండెలిన్ డ్యూరెన్ వెళ్లాడు. బెనెడిక్ట్ తల్లి తలుపు తీసింది. తనెవరో అతను చెప్పాక లోపలికి రమ్మంది, కాఫీ పోసింది. అతను చెప్పినదంతా చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

"ఎన్ని రోజుల పని అన్నారు?"

"మూడు వారాలమ్మా."

"మూడు వారాలు," అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "మీరు మంచివారే. నిజం చెప్పారు. కానీ ఇంకెప్పుడూ రావద్దు. మిమ్మల్ని ఊరడించే ఓపిక నాకు లేదు."

తిరుగు దారిలో బస్సులో కూర్చుని అతను ఆ మాటే తలుచుకున్నాడు. ఎందుకు వెళ్లాడో ఆమెకు తనకన్నా బాగా అర్థమైంది.

ఆ తర్వాత పదకొండేళ్లు పనిచేశాడు. అనుమానం ఉన్న కారును బయటికి పోనిచ్చేవాడు కాదు. బతిమాలినా వినలేదు, అరిచినా వినలేదు. కొందరు తిట్టుకుంటూ వేరే షెడ్లకు పోయారు. ఆదివారం పూట రింగ్ వైపునుంచి ఇంజన్ల హోరు వినబడితే కిటికీలు మూసేసేవాడు.

పన్నెండో ఏడు యుట్టా ఫోన్ చేసింది. "నాన్న పోయారు బాబాయ్. అంత్యక్రియలు గురువారం, ట్రియర్‌లో."

చర్చిలో వెండెలిన్ చిట్టచివరి బెంచీ మీద కూర్చున్నాడు. యుట్టా ముందు వరసలోంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది. జుట్టు నెరవడం మొదలైంది.

"రమ్మనమని వాడు చెప్పాడా?" మెల్లగా అడిగాడు.

"లేదు. నేనే పిలిచాను. నాన్న మీ పేరు ఎప్పుడూ ఎత్తలేదు బాబాయ్. తిట్టనూ లేదు. ఎవరైనా మిమ్మల్ని తిడితే మాత్రం లేచి వెళ్లిపోయేవారు."

వెండెలిన్ తల దించుకున్నాడు.

"ఇంకొక్క చుట్టు అని అడిగింది నేను," అంది యుట్టా. "ఆ మాట కోర్టులో ఎవరూ చెప్పలేదు. నాన్న నన్ను చెప్పనివ్వలేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ప్రార్థన అయ్యాక శవపేటిక మోసేవాళ్లు ముందుకొచ్చారు. పోస్టాఫీసు పాత స్నేహితులు ఐదుగురే ఉన్నారు. ఆరోవాడికి నడుంనొప్పి వచ్చి రాలేదట. యుట్టా వెండెలిన్ వైపు చూసింది. వెండెలిన్ లేచి, కోటు గుండీ పెట్టుకుని, కుడివైపు వెనక పిడి పట్టుకున్నాడు. పేటిక అతను అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. బయట మెట్లు దిగేటప్పుడు ముందున్నవాడు, "నెమ్మదిగా, నెమ్మదిగా," అన్నాడు. అందరూ అడుగులు కలుపుకుని దిగారు.