పెట్టెకెక్కని పురుగు

ఆ రోజుల్ల మా చెల్పూరుల డిగ్రీ జువాలజీ చదివే ఆడపిల్లంటే పురుగులేరుకునే పిచ్చిదని లెక్క. పరీక్షకు పురుగుల పెట్టె కట్టియ్యాలె మరి (సూది గుచ్చి, పేరు చీటి అంటించి). తెలంగాణ కోసం సమ్మె నడుస్తుండె. కాలేజి బందైనా, మా సార్లు ధర్నా టెంట్ల కూసున్నా, నా పెట్టె సోకు మాత్రం బంద్ కాలె. బతుకమ్మ పువ్వుల కోసం అడివంచుకు పోయి కుంకుమచెట్టు కొమ్మొకటి విరుచుకొచ్చిన. ఆకు మీద నారింజరంగు పురుగు, దాని కడుపు కింద గుడ్ల కుప్ప. వీపంత డాలు కప్పుకున్నట్టుంటది గనుక దాన్ని డాలుపురుగంటరు.

"థూ, ఏం గబ్బే ఇది! పండుగ పూట ఇంట్లకు గిదెందుకు తెచ్చినవ్?" అని అమ్మ చీపురెత్తింది. చీపురు తాకితే వేరే పురుగైతే ఎగిరిపోతుండె. ఇది డాలు అటు వంచి గుడ్లకు అడ్డం నిలబడ్డది. మళ్ళ తాకిచ్చింది, మళ్ళ అడ్డమే. "దీని మొండితనం పాడుగాను" అనుకుంట అమ్మ చీపురు పక్కకేసి కొమ్మను నీళ్ళ సీసాల నిలబెట్టింది. నేను పురుగులను చంపే మందు సీసా పట్టుకొస్తే నా వీపుల ఒక్కటి పడ్డది. "బాలింతను చంపుతవానే? పిల్లలు నడిచినంక చూద్దాం." (ఎండ తగలకుండ దానికి పాత చీర అడ్డం కట్టింది. నాకు జ్వరమొస్తే గూడ గంత సేవ లేదు.)

గుడ్లు పగిలి రెక్కల్లేని పిల్లలొచ్చినయ్. కొన్నాళ్ళు తల్లి కిందనే ముద్దగున్నయ్. కుబుసం విడిచినంక ఒక్కొక్కటే పాకి పోవట్టినయ్. ఆ పొద్దే మా అన్న మానుకోటల రైల్‌రోకోకు బండి తీసిండు. అమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డది.

"వద్దు నాయినా, నా మాటిను."

"ఊరంత పోతాంది, నేనొక్కణ్ణే ఇంట్ల కూసోవాల్నా? పొద్దుగూకే వరకొస్త."

నవ్వుకుంట ఆమె చెయ్యి కిందికెళ్ళి దూరి పోయిండు. అంత పొడుగు కొడుకు గట్ల వంగి దూరితే అమ్మకు గూడ నవ్వొచ్చింది.

మర్లొచ్చేటప్పుడు తొవ్వల వానకు బండి జారింది. అన్న చచ్చిపోయిండు.

ఎన్నో దినాలకు ఆ కొమ్మ యాదికొచ్చి చూస్తే, తల్లి పురుగు ఖాళీ పెంకుల మీదనే ఎండిపోయి ఉన్నది. "పెట్టెల గుచ్చకే" అన్నది అమ్మ. కొమ్మతోటే తీసుకపోయి అడివంచుల పెట్టొచ్చింది. నాకు మార్కులు కోసిండ్రు, కోస్తే కొయ్యనీ అనుకున్న.

తెలంగాణ వచ్చింది. ఊర్ల అమరవీరుల స్తూపం కట్టిండ్రు. అన్న పేరు చెక్కమంటే, బండి మీదికెళ్ళి పడి చచ్చిపోయినోళ్ళకు అండ్ల జాగ లేదన్నరు. నేను చున్నీ నడుముకు బిగించి, ఆ మెట్ల మీద నిలబడి పెద్ద లీడరు లెక్క లొల్లి చేసిన. గొంతు పోయిందాక ఒర్రిన. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది, దాని వెనుకనే ఏడుపొస్తది. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"దా బిడ్డా, ఇంటికి పోదాం. ఆ రాయి మీద పేరుంటే ఏం, పిలిస్తే పలుకుతదా?"